పెద్దమనుషుల ట్రాన్స్‌ఫర్లు

మా కరీంనగర్‌ల ఎవలు మైకు వట్టినా ఒక్కటే పాట: పీవీ మనోడు, సినారె మనోడు, అలిశెట్టి ప్రభాకర్ మనోడు, అరికేసరి కొలువుల పంప కవి సుత మనోడే. 2016 దసరా నాడు కొత్త జిల్లాలు చేసిండ్రు. ఒక్క దెబ్బకు పెద్దమనుషులందరికీ ట్రాన్స్‌ఫర్లు అయినయి.

పంప కవి వేములాడతోని రాజన్న సిరిసిల్లకు పాయె. అలిశెట్టి జగిత్యాలకు పాయె. హనుమాజీపేట సినారె అప్పటికి బతికే ఉన్నడు. హైదరాబాదుల కూసున్నోడు కూసున్నట్టే ఆయన జిల్లా మారింది. జ్ఞానపీఠం అచ్చినోనికన్న ఒక మాట చెప్పొద్దా? పీవీ ఊరు వంగర వరంగల్ అర్బన్‌ల వడ్డది, 2021ల దాని పేరే హన్మకొండ అయింది. ఆయన పుట్టింది నర్సంపేట దిక్కు లక్నేపల్లి, వంగరకు దత్తత అచ్చిండు. సర్కారు ఆయన్ను మల్ల ఓరుగల్లు దిక్కే తోలింది. 2024ల భారతరత్న ప్రకటిస్తె, మనోడనాల్నా వద్దా అని మా మైకోళ్లకు సమజ్ గాలే.

ఏడ్సుడెందుకు, మేం చేసింది సుత గదే. ఒకప్పుడు జిల్లా పేరే ఎలగందుల. 1905ల కచేరీలన్నీ కరీంనగర్‌కు ఎత్కచ్చుకున్నం. గిప్పుడు గా ఎలగందుల మాకు శివారు. ప్లాట్లమ్మేటోళ్లు మానేరు డ్యాం, ఖిలా రెండూ కండ్లవడుతయని రేటు పెంచుతరు. ఖిలా మీదికి ఎక్కినోడు మాత్రం వాళ్లల్ల ఒక్కడు లేడు.

మరి కరీంనగర్‌కు మిగిలిందెవలు? పైడి జైరాజ్. 1909ల ఈడనే పుట్టి, మూకీల కాలంల బొంబాయికి వోయి హీరో అయిండు. 1980ల దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు తీసుకున్నడు. ఏ జీవో అచ్చినా ఆయన కదలడు, ఎందుకంటె పుట్టిందే టౌన్ల. ఆయన పేరు మీద థియేటర్ సుత ఉన్నది. ఏడ అంటరా? హైదరాబాదు రవీంద్రభారతిల.

ఇంకొకాయన జినవల్లభుడు, పంప కవి తమ్ముడు. అన్నదమ్ములు ఏరు వడ్డట్టు అన్న సిరిసిల్ల జిల్లా, తమ్ముడు కరీంనగర్ జిల్లా. క్రీ.శ. 945 ప్రాంతంల ఈయన గంగాధర మండలం కురిక్యాల పక్కపొంట బొమ్మలగుట్ట మీద మూడు భాషలల్ల శాసనం చెక్కించిండు. అండ్ల తెలుగు కంద పద్యాలు మూడు. తెలుగుకు ప్రాచీన హోదా అడిగేటప్పుడు గా బండనే సాక్ష్యం వెట్టిండ్రు. 2008ల హోదా అచ్చింది. సాక్షికి మేం చేసిన మర్యాద ఏందంటె, జిల్లాల గుట్టలు కోసి చైనాకు పంపుడు. గ్రానైటు తవ్వకాల కాడికెల్లి బొమ్మలగుట్టను కాపాడాలని చరిత్రకారులు మొత్తుకునే గతి వట్టింది. పద్యం సదివెటోనికంటె బండ కొలిచెటోడే మా దిక్కు ఎక్కువ.

కురిక్యాల జగిత్యాల రోడ్డు మీదనే. వచ్చే ఐతారం పిల్లల్ని తీస్కపోయి గా బండను సూపెట్టుండ్రి.