అమ్మేటప్పుడు బ్యాంకు, అడిగేటప్పుడు ఏజెంటు

రిటైర్మెంటు డబ్బు ఖాతాలో పడ్డ వారంలో బ్రాంచిలో మాస్టారికి జరిగే మర్యాద కొత్తల్లుడికి కూడా జరగదు. ఏసీ గదిలో కుర్చీ, చిన్న కప్పులో టీ. "ఎఫ్‌డీలో ఏముంది మాస్టారూ! ఇందులో ఒక్కసారి అయిదు లక్షలు కట్టండి చాలు" అని సలహా. ఇంటూ గుర్తు పెట్టిన చోటల్లా సంతకం, పైకి చదివి వినిపించిన ఓటీపీ. "వెరిఫికేషన్ కాల్ వస్తుంది, అన్నిటికీ ఎస్ అనేయండి" అని చివరి పాఠం. మాస్టారు బుద్ధిమంతుడైన విద్యార్థి.

ఏడాది తిరిగేసరికి ఎస్సెమ్మెస్ వస్తుంది: రెన్యువల్ ప్రీమియం అయిదు లక్షలు. తను వేసింది డిపాజిట్ కాదనీ, పదేళ్లు కట్టాల్సిన జీవిత బీమా అనీ అప్పుడు తెలుస్తుంది. ప్రపోజల్ ఫారం తెరిపిస్తే తన ఆదాయం పింఛనుకు నాలుగింతలు ఉంటుంది. అంత కలవాణ్నని మాస్టారికే తెలియదు.

పేర్లు మారతాయి గానీ ఈ కథ చాలా ఊళ్లలో ఇలాగే నడుస్తుంది. బ్యాంకులు అంటగట్టే బీమా భారం చివరికి అప్పు తీసుకునేవాడి మీదే పడుతోందని 2024 నవంబరులో సాక్షాత్తూ ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ అన్నారు.

ఫిర్యాదు పట్టుకుని వెళితే అదే కుర్చీ, టీ మాత్రం ఉండదు. "మేం ఏజెంట్లం మాత్రమే సార్, కంపెనీని అడగండి." కంపెనీని అడిగితే, "సంతకం మీదే, రికార్డింగులో ఎస్ అన్నదీ మీరే." ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న.

"మాత్రమే" అనడానికి బ్యాంకుకు వీల్లేదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2015లో తెచ్చిన కార్పొరేట్ ఏజెంట్ల నిబంధనల ప్రకారం, పాలసీ అమ్మిన ఉద్యోగి ఏం చేసినా, ఏం చేయకపోయినా బాధ్యత కార్పొరేట్ ఏజెంటుదే. ఇక్కడ ఆ ఏజెంటు బ్యాంకే. పోనీ ఇది బ్యాంకింగ్ వ్యవహారం కాదంటారా? బ్యాంకులు బీమా, మ్యూచువల్ ఫండ్లు అమ్మడంలో జరిగే లోపాలను రిజర్వు బ్యాంకు 2017లోనే ఖాతాదారుల ఫిర్యాదులు వినే తన అంబుడ్స్‌మన్ పరిధిలోకి తెచ్చింది. 2022 నుంచి ఒక్కో బ్యాంకు తొమ్మిది జీవిత బీమా కంపెనీల పాలసీలు అమ్మవచ్చు. అమ్మడానికి తొమ్మిది చేతులు, ఫిర్యాదు అందుకోవడానికి ఒక్కటీ లేదు.

ఈ వ్యవహారంలో అందరికీ ఇష్టమైన అంకె 30. పాలసీ పత్రం అందిన 30 రోజుల్లోపు, నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయవచ్చు. దాన్ని ఫ్రీలుక్ అంటారు. బ్యాంకుకు ఫిర్యాదు చేశాక అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లాలంటే జవాబు కోసం ఆగాల్సిందీ 30 రోజులే. పత్రం అందిన మర్నాడే మాస్టారు మోసం కనిపెట్టి బ్రాంచికి పరుగెత్తాడనుకుందాం. "పరిశీలిస్తున్నాం సార్, మీరు నిశ్చింతగా ఉండండి" అంటారు. ఆయన నిశ్చింతగా ఉంటాడు. పరిశీలన ముగిసేసరికి ఫ్రీలుక్ కూడా ముగుస్తుంది. అందుకే తెలిసినవాళ్లు బ్రాంచిని బతిమాలుతూ కూర్చోరు. రద్దు చేయమని నేరుగా బీమా కంపెనీకి రాసి, రసీదు దాచుకుంటారు.

గడువు దాటినవాళ్లకూ దారి లేకపోలేదు. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెల చూసి, బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. తెలుగు రాష్ట్రాలకు ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. 50 లక్షల రూపాయల దాకా వివాదాలు వింటుంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కావలసినవల్లా కాగితాలు. బ్రోచరు వెనక పెన్నుతో "వన్ టైమ్" అని రాసిచ్చిన ముక్క, రిలేషన్‌షిప్ మేనేజర్ వాట్సాప్‌లో పంపిన లెక్క, పింఛను స్లిప్పు. నోటిమాటకు సాక్ష్యం ఉండదని మాస్టారికి తెలియకపోయినా, ఆ మాట చెప్పినవాళ్లకు బాగా తెలుసు.

అదృష్టం బాగుండి అంబుడ్స్‌మన్ మాస్టారి పక్షాన తీర్పిస్తే, కంపెనీ దాన్ని అమలు చేయాల్సింది మళ్లీ 30 రోజుల్లోనే. ఆ అయిదు లక్షలూ వచ్చి పడేది అదే బ్రాంచిలోని అదే పొదుపు ఖాతాలో. సాయంత్రానికల్లా ఒక కొత్త గొంతు ఫోన్ చేస్తుంది: "మాస్టారూ, ఖాతాలో పెద్ద మొత్తం ఊరికే పడి ఉందండీ. ఒకసారి బ్రాంచికి వస్తారా, టీ తాగుతూ మాట్లాడుకుందాం?"