మేజర్ గారి లెక్క

అందరూ ఆయన్ని మేజర్ అనే పిలిచేవారు. అమెరికా అంతర్యుద్ధంలో, షైలో పోరులో తూటా తగిలి కుడిచెయ్యి మోచేతి దగ్గర తీసేయాల్సి వచ్చింది. అయినా 1869 మే నెలలో నాలుగు పడవలు, తొమ్మిదిమంది మనుషులతో గ్రీన్ నదిలో దిగి, కొలరాడో నదిని పటానికెక్కించడానికి బయలుదేరాడు. అప్పటి పటాల్లో ఆ ఎడారి పీఠభూమి చాలామటుకు ఖాళీ కాగితమే.

ఎత్తులు కొలవడానికి బారోమీటరు పట్టుకుని కొండగోడలు ఎక్కేవాడు. ఒకసారి సగంలో ఇరుక్కుపోయాడు. పైకి పోలేడు, కిందికి దిగలేడు, చేతిలో తాడు లేదు, ఉన్నదే ఒక్క చెయ్యి. పైనున్న బృందసభ్యుడు బ్రాడ్లీ ఒంటిమీది పొడుగు డ్రాయరు విప్పి కిందికి వేలాడదీశాడు. మేజర్ రాతిని వదిలేసి, వెనక్కి పడిపోయేలోగా దాన్ని దొరకబుచ్చుకున్నాడు. అడుగడుగూ ప్రాణాలొడ్డి గీసిన పటం అది!

దారిలో ఒక లోయ ఆయన మనసు దోచుకుంది. వంపులు తిరిగిన ఎర్రరాతి గోడలు, వాటి సందుల్లో ఊటలు, ఊటల కింద పచ్చటి చెట్లు. దానికి గ్లెన్ కాన్యన్ అని పేరు పెట్టాడు. 1871లో మళ్లీ వచ్చాడు. ఎస్కలాంటే అనే నది పటంలోకెక్కింది ఆయన బృందం వల్లే, 1872లో.

ఇంత తిరిగి కొలిచినవాడికి ఆ నేలలో నీళ్లెన్నో తెలియకుండా ఉంటుందా? 1878లో నివేదిక రాశాడు. సాగులోకి వచ్చేది కొద్దిపాటి నేలేనన్నాడు. ఆనకట్టలకు ఆయన వ్యతిరేకి కాదు, లేని నీళ్లు పంచడానికే వ్యతిరేకి. 1893లో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన నీటిపారుదల మహాసభలో అదే మాట మొహమాటం లేకుండా చెప్పాడు: ఉన్న భూమికి సరిపడా నీళ్లు లేవు, మీరు పోగుచేస్తున్నవి తగాదాలూ దావాలూ అని. సభ గోల చేసి ఆయన నోరు నొక్కింది. మరుసటేడు భూగర్భ సర్వే సంస్థ డైరెక్టరు పదవి వదిలేశాడు. 1902లో పోయాడు.

1922లో ఏడు రాష్ట్రాలు కొలరాడోను పంచుకున్నాయి, వానలు దండిగా పడ్డ ఏళ్ల ప్రవాహాన్ని నమ్ముకుని. 1963లో గ్లెన్ కాన్యన్ ఆనకట్ట గేట్లు దించారు. ఊటలూ చెట్లూ సహా లోయ మునిగిపోయింది. జలాశయం మొదటిసారి నిండడానికి 1980 దాకా పట్టింది. 2023 ఫిబ్రవరికి అందులో పావువంతు నీళ్లు కూడా లేవు. ఏడు రాష్ట్రాలు వాటాల కోసం కొట్లాడుకుంటున్నాయి.

ఆ జలాశయానికి లేక్ పావెల్ అని పేరు పెట్టారు, గౌరవంగా. మేజర్ పూర్తి పేరు జాన్ వెస్లీ పావెల్.