కరుణ ఎన్ని గంటలు?

అమెరికాలో డాక్టరు చదువు ఇంటర్ కాగానే మొదలవదు. ముందు నాలుగేళ్ల డిగ్రీ కావాలి. సంగీతం చదివినా, చరిత్ర చదివినా అభ్యంతరం లేదు; కాకపోతే బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ కూడా లాగించాలి. ఆపైన ఏడున్నర గంటల ప్రవేశ పరీక్ష, ఎంక్యాట్. మన నీట్‌లో తప్పు జవాబుకు మార్కు కోస్తారు. అక్కడ అట్టడుగున పడ్డవాడికీ 472 ఇచ్చి పంపుతారు. దయగల దేశం!

ఆ దయ పిల్లల్లోనూ ఉందా అని వెతుకుతారు. మార్కులొక్కటే చాలవు, మనిషి మంచివాడని రుజువు కావాలి. పెళ్లిచూపుల్లో కూడా మనం అంత దూరం వెళ్లం. జీతం అడిగి ఊరుకుంటాం. అందుకే దరఖాస్తులో సేవ లాంటి పనులు 15 దాకా చూపొచ్చు. ఒక్కోదానికి ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆఖరు, మొత్తం ఎన్ని గంటలు అన్నది నింపాలి. మనసును బాగా కదిలించినవి మూడింటిని గుర్తించొచ్చు. నాలుగోదానికి కదలకుండా మనసును అదుపులో పెట్టుకోవాలి. డాక్టరే ఎందుకు కావాలో 5,300 అక్షరాల్లోపు రాయాలి, ఖాళీలతో కలిపి. "అమ్మానాన్న కమ్మన్నారు" అన్న నిజం ఒక్క లైనులో అయిపోతుంది, కనుక పనికిరాదు.

డాలస్‌లోనో ఎడిసన్‌లోనో నలుగురు తెలుగువాళ్లు భోజనాలకు కలిస్తే ఇప్పుడు పలకరింపు ఇదే: "మీవాడికి షాడోయింగ్ ఎన్ని గంటలైంది వదినా?" డాక్టరు వెనకాల నిలబడి చూడడాన్నే షాడోయింగ్ అంటారు. గుంటూరు నుంచి వచ్చిన బామ్మ మోకాళ్లకు నూనె రాద్దామని మెడిసిన్ సీటుకు సిద్ధమవుతున్న కుర్రాడు కూర్చుంటే తండ్రి కేకలేస్తాడు: "ఆ గంటలు ఎవరు సర్టిఫై చేస్తార్రా? బామ్మకు ఈమెయిలైనా లేదు! ముందు నర్సింగ్ హోమ్‌కు పద, అక్కడి ముసలాళ్లు ఎదురుచూస్తుంటారు."

ఏటా 50 వేలకు పైగా అప్లై చేస్తే సగానికి పైగా వెనక్కి వస్తారు. అందుకే కరుణలోనూ పోటీ. కన్నవాళ్లు ఫీజు కట్టి, కారు కొనిస్తే వేసవంతా ఊరికే సేవ చేయొచ్చు. అద్దె కోసం రాత్రిళ్లు గ్యాస్ స్టేషన్లో నిలబడేవాడికి ఆ తీరికేదీ? కరుణ కూడా కాస్త కలిగిన ఇంట్లోనే బాగా పెరుగుతుంది.

ఇన్ని వందల గంటలు రోగుల పక్కన కూర్చుని, సీటు సాధించి, ఏళ్లు చదివి డాక్టరయ్యాక వాడి చేతికి అపాయింట్‌మెంట్ల జాబితా ఇస్తారు: రోగికి పదిహేను నిమిషాలు. అందులో సగం కంప్యూటర్‌కు.