సగం నిండిన పెట్టెను

"చూస్కోండి, ఖాళీగుంది" అంటూ ప్రిసైడింగ్ మేడం నన్ను తలకిందులు చేసి, అడుగున అరచేత్తో రెండు దెబ్బలు కొట్టారు. ఏజెంట్లు వంగి చూశారు. ఒకాయన ఫోన్ లైటు వేసి మరీ మూలలు వెతికాడు. నా లోపలికి అంత శ్రద్ధగా చూసినవాళ్లు అంతకుముందు తక్కువ, ఆ తర్వాత ఎవరూ లేరు.

అది 2020 డిసెంబర్ 1, హైదరాబాద్ మహానగర పాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) ఎన్నికల రోజు. రామంతాపూర్‌లో ఒక బడి, ఒకటో తరగతి గది. గోడ మీద అమ్మ, ఆవు, ఇల్లు బొమ్మలు. కరోనా వల్ల పిల్లలు బడికి రాక నెలలయింది, బెంచీల మీద దుమ్ము మేట వేసింది. ఏడు గంటలకు పోలింగ్. మేడం నా మూత బిగించి, కాగితపు సీలు మీద ఏజెంట్ల చేత సంతకాలు పెట్టించి, లక్క కరిగించి ముద్ర వేశారు. వేడి లక్క ఒంటి మీద పడినప్పుడు చుర్రుమంటుంది. అయినా నాకు ఇష్టమే. ఆ ఒక్క రోజు నేను పోలీసు కాపలా ఉన్న ఆస్తిని. మిగతా రోజుల్లో ఇనప డబ్బాను.

నేను బ్యాలెట్ పెట్టెను. ఏ ఏడు పుట్టానో చెప్పలేను. మూత మీది అచ్చు అరిగిపోయింది, దాని మీద మూడుసార్లు రంగు కొట్టారు. మా పెద్దల సంగతి మాత్రం తెలుసు. 1951-52లో దేశమంతటా తొలి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు పెట్టెలు చేసిన కొద్దిపాటి కంపెనీల్లో మన సనత్‌నగర్ ఆల్విన్ ఒకటి. అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. పెట్టె మీద గుర్తు అంటించేవారు. ఓటరు చీటీ మీద ఏ ముద్రా వేయనక్కర్లేదు, నచ్చినవాళ్ల పెట్టెలో వేస్తే చాలు. చీటీతో పాటు పూలు, చిల్లర, అర్జీలు వేసినవాళ్లు కూడా ఉన్నారట. పెట్టెను హుండీ అనుకున్నారేమో. ఆ అలవాటు పూర్తిగా పోలేదని నాకు తర్వాత తెలిసింది. ఆ ఆల్విన్ ఇప్పుడు లేదు. దాని పేరు కూకట్‌పల్లి వైపు ఒక కాలనీకి, ఆ కాలనీ పేరు ఒక జీహెచ్‌ఎంసీ డివిజన్‌కు మిగిలాయి. పెట్టెలు చేసిన కంపెనీ పేరున 2020లో కార్పొరేటర్‌ను ఎన్నుకున్నారు.

నా ఉద్యోగం ఊళ్లలో మొదలైంది. ఈవీఎంలు వచ్చాక అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలు వాటికి పోయాయి, ఊరి ఎన్నికలు మాకు మిగిలాయి. 2014 ఏప్రిల్‌లో ఘట్‌కేసర్ వైపు పరిషత్ ఎన్నికలకు వెళ్లాను. వేసిన ఓట్లను వెంటనే లెక్కపెట్టలేదు, సాధారణ ఎన్నికలు అయ్యేదాకా ఆగమన్నారు. మే 13న లెక్కింపు. నెల రోజుల పైన ఎండాకాలంలో ఆ చీటీలన్నీ నా కడుపులోనే ఉన్నాయి. అరగని తిండి పెట్టుకుని పడుకున్నట్టుండేది. కానీ ఒక్క చీటీ జారనివ్వలేదు. 2019 జనవరిలో పంచాయతీ ఎన్నికలకు గులాబీ చీటీ సర్పంచికి, తెల్లది వార్డు మెంబరుకు. ఊళ్లలో జనం దండిగా వచ్చేవారు. మధ్యాహ్నానికే నా గొంతుదాకా నిండేది, స్కేలు పెట్టి చీటీలను లోపలికి తోసేవారు. ఆ తోపుడు నొప్పి నాకు గొప్ప. 2020 జనవరి 22న పీర్జాదిగూడ కార్పొరేషన్ తొలి ఎన్నికలకూ నన్నే పంపారు.

హైదరాబాద్ మహానగరం మాత్రం నన్ను చాలాకాలం పిలవలేదు. 2007లో ఉప్పల్ కలాన్ సహా చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలను, 8 పంచాయతీలను కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు. 2009లో 150 డివిజన్లకు తొలి ఎన్నికలు. కాంగ్రెస్ 52, టీడీపీ 45, మజ్లిస్ 43. 2016లో టీఆర్‌ఎస్ ఏకంగా 99. రెండుసార్లూ ఈవీఎంలే. వాటి బీప్ శబ్దం వినడానికి బాగుంటుందని అంటారు. నాకు గొంతు లేదు. మడత పెట్టిన చీటీ లోపల పడినప్పుడు చిన్న చప్పుడవుతుంది, అంతే.

కరోనా వచ్చింది. ఒకే బటన్‌ను వందల మంది నొక్కడం ప్రమాదమన్నారు. పార్టీల్లో ఎక్కువ భాగం కాగితమే మేలన్నాయి. అలా రాష్ట్ర ఎన్నికల సంఘం మమ్మల్ని నగరానికి రమ్మంది. డీసీఎం వ్యానులో ఉప్పల్ చౌరస్తా దాటి వస్తుంటే పక్క పెట్టె గడగడలాడింది. ఇక్కడ భయమెందుకన్నాను. రామంతాపూర్‌లోనే కేంద్ర ఫోరెన్సిక్ లేబొరేటరీ ఉంది. అనుమానం వచ్చిన పత్రాల మీద రాతను, సంతకాన్ని పరీక్షించే కేంద్ర ప్రభుత్వ కార్యాలయమూ ఆ ఆవరణలోనే. దొంగ సంతకాల ఆట కట్టించే పేటలో నిజమైన చీటీకి ఏం దిగులు?

ఆ రోజు మొదట వచ్చినవాళ్లు పెన్షనర్లు. మాస్కులు, మంకీ క్యాపులు, చేతుల్లో సొంత పెన్నులు. తలుపు దగ్గర సానిటైజర్ పోస్తుంటే అది ఆరకముందే చీటీ అందుకునేవారు. నా లోపల పడిన కాగితాలన్నీ కొద్దికొద్దిగా తడి, ఆసుపత్రి వాసన. పది గంటలకు వరుస ఉంది. పదకొండుకు పలచబడింది. మధ్యాహ్నం ఒంటిగంటకు గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఏజెంట్లు జాబితాలు తిరగేసి ఎవరు రాలేదో చూసుకుని ఫోన్లు చేశారు. "అన్నా, ఇంకా లేవలే?" అని ఒకాయన ఎవరినో బతిమాలాడు. అవతలి మనిషి ఏమన్నాడో గానీ రాలేదు.

ఈ మాట అంటే మీకు కోపం రావచ్చు, అయినా అంటాను. ఆ గదిలో నా పక్కనున్న ఓటర్ల జాబితాలో ఎనిమిది వందల పైచిలుకు పేర్లున్నాయి. సాయంత్రం ఆరింటికి నాకు సగం కడుపు కూడా నిండలేదు. నగరమంతటా ఇదే కథ. సుమారు 74 లక్షల మంది ఓటర్లు, 9,101 పోలింగ్ కేంద్రాలు, పోలైంది 46 శాతం చిల్లర. పీర్జాదిగూడ మన రామంతాపూర్‌కు ఎంత దూరం? ఆటోలో పావుగంట. ఆ పావుగంటలో ఆకలి ఇంత ఎలా పెరిగిందో నాకు అర్థం కాలేదు. మోరీ పొంగిందని, కుక్కలు ఎక్కువయ్యాయని కార్పొరేటర్‌కు ఫోన్ చేసేవాళ్లలో ఎంతమంది ఆ రోజు నా దగ్గరికి వచ్చారో నాకు తెలుసు. ఎవరు ఎవరికి వేశారో మాత్రం నాకూ తెలియదు. తెలియకపోవడమే నా ఉద్యోగం.

మధ్యాహ్నం మూడింటికి ఒక అవ్వ వచ్చింది. వేలికి సిరా పెట్టించుకుంది, తెర వెనక చాలాసేపు ఉంది. బయటికొచ్చి, "గీ కాయిదం ఏడ వెయ్యాలె బిడ్డా?" అని అడిగింది.

"ఆ డబ్బాల వెయ్యవ్వా."

"అందులేస్తే పైసలొస్తయా?"

గదిలో అందరూ నవ్వారు. మేడం ఒక్కరే నవ్వలేదు. అక్టోబర్ 13 వానకు చెరువు కింది కాలనీల్లో నీళ్లు ఇళ్లలోకొచ్చాయి. బియ్యం, పరుపులు, పిల్లల పుస్తకాలు అన్నీ పోయాయి. ఇంటికి పదివేల సాయమన్నారు. కొందరికి అందింది, కొందరికి అందలేదు. అందనివాళ్లు మీసేవలో దరఖాస్తు చేయమంటే పొద్దున్నే వరుసలు కట్టారు. నవంబర్ 17న ఎన్నికల నోటిఫికేషన్ వచ్చింది, మర్నాడు ఎన్నికల సంఘం పంపిణీ ఆపమంది. నియమం ప్రకారం అది సరే. అవ్వకు నియమం ఎవరు చెబుతారు?

ఆమె చీటీ వేసింది. నా లోపల రెండు చప్పుళ్లయ్యాయి. ఓటు చీటీ మడతలో ఇంకో చిన్న కాగితం ఉంది. మీసేవ రసీదు. పొరపాటున పడిందో, కావాలని వేసిందో నాకు తెలియదు. అది జారి నా అడుగున రేకు మడతలోకి పోయి, సానిటైజర్ తడికి అక్కడే అంటుకుంది.

డిసెంబర్ 4న లెక్కింపు. లక్క పగలగొట్టి, బల్ల మీద నన్ను బోర్లించి, రెండు దెబ్బలు కొట్టి, "ఖాళీ" అని పక్కన పెట్టారు. రసీదు కదల్లేదు. చీటీలు మడతలు విప్పి 25 చొప్పున కట్టలు కట్టారు. స్వస్తిక్ ముద్ర రెండు గుర్తుల మధ్య పడిన చీటీ దగ్గర ఏజెంట్లు లేచి నిలబడేవారు. ఒక చీటీ మీద ముద్రకు బదులు పెన్నుతో ఏదో రాసుంది. చదివినాయన పెదాలు బిగబట్టుకుని దాన్ని చెల్లని కట్టలో వేశాడు.

పొద్దున పోస్టల్ ఓట్లు చూసి టీవీలు బీజేపీ కమలం జోరన్నాయి. మధ్యాహ్నానికి టీఆర్‌ఎస్ కారు ముందుకొచ్చింది. చివరికి టీఆర్‌ఎస్ 55, బీజేపీ 48, మజ్లిస్ 44, కాంగ్రెస్ 2. ఒకటి ఆగింది. మా రామంతాపూర్‌లో బీజేపీ అభ్యర్థి బండారు శ్రీవాణి గెలిచారు, పక్కన హబ్సిగూడలోనూ కమలమే. రోడ్డు దాటి ఉప్పల్ వెళితే కాంగ్రెస్ చేయి గుర్తు, అక్కడ మందుముల రజిత. ఇంకొంచెం అటు చిలుకానగర్‌లో కారు. నాచారంలో 2016లో కాంగ్రెస్ తరఫున గెలిచిన శాంతి సాయిజెన్ శేఖర్ ఈసారి కారెక్కి గెలిచారు. నగరం మొత్తంలో కాంగ్రెస్‌కు దక్కిన రెండూ, ఉప్పల్, ఏఎస్ రావు నగర్, మా ఉప్పల్ నియోజకవర్గంలోనివే. ఒక్క సిటీ బస్సు టికెట్టుతో మూడు పార్టీల గెలుపు ఊరేగింపులు చూడొచ్చు. బయట డప్పులు, టపాసులు. పెట్టెలను ఎవరూ ఎత్తుకుని ఊరేగించరు, అది మేం ఎప్పుడో ఒప్పుకున్నాం.

ఆగిన ఆ ఒకటీ నేరేడ్‌మెట్. అక్కడ కొన్ని కేంద్రాల్లో ఓటర్ల చేతికి స్వస్తిక్‌కు బదులు వేరే ముద్ర ఇచ్చారు. ఆ చీటీలు గెలుపు తేడా కంటే ఎక్కువగా ఉండడంతో విషయం హైకోర్టుకెక్కింది. 9వ తేదీన తేలింది, టీఆర్‌ఎస్‌కు 56. పాత మలక్‌పేటలో అయితే సీపీఐ కంకి కొడవలి బదులు సీపీఎం సుత్తి కొడవలి అచ్చయింది, 3న మళ్లీ పోలింగ్. ఈ రెండు పేర్లూ విన్నప్పుడల్లా జనం "పాత డబ్బాలతో ఇంతే" అనేవారు. ముద్ర ఇచ్చింది మనిషి, గుర్తు అచ్చువేసింది మనిషి. మేం మాకు వేసినదాన్ని వేసినట్టు అప్పజెప్పాం.

మాకంటే అదృష్టవంతురాలు ఒకతె ఉంది. ఇంగ్లండ్‌లో పాంటిఫ్రాక్ట్ అనే ఊరి పెట్టె. 1872 ఆగస్టు 15న ఆ దేశ పార్లమెంటుకు తొలిసారి రహస్య ఓటు పడింది ఆ ఊరి ఉపఎన్నికలోనే. పెట్టెకు సీలు వేయడానికి అతిమధురం బిళ్లలు చేసే ఫ్యాక్టరీ ముద్ర వాడారు. లక్క ఇప్పటికీ చెక్కుచెదరలేదట, పెట్టె మ్యూజియంలో ఉంది. అక్కడి నగరాల్లో కౌన్సిలర్లను నేటికీ కాగితంతో, పెట్టెతోనే ఎన్నుకుంటారు. ముద్ర బదులు పెన్సిల్‌తో ఇంటూ గుర్తు. అక్కడా కౌన్సిల్ ఎన్నికలకు సగం మంది రారు, చాలాచోట్ల మూడో వంతుతో సరి. ఆ మాట విని కొంచెం ఊరట పొందాను. ఆకలి మా ఒక్కరిదే కాదు.

తర్వాత నన్ను ఒక గోదాంలో వేశారు. ఏ కార్యాలయానిదో చెప్పను, చెబితే ఇంకో గోదాముకు మారుస్తారు తప్ప ఒరిగేదేమీ లేదు. మొదటి ఏడు వరుసగా పేర్చి ఉన్నాం. రెండో ఏడు వాన నీళ్లు కారి కిందివరుస పెట్టెలకు చిలుము పట్టింది, నేను కిందివరుసే. ట్యూబులైటు మార్చడానికి ఒకాయన బూటుకాళ్లతో నా మీదికెక్కాడు. మూత గొళ్లెం అక్కడే విరిగింది. ఆ తర్వాత నేను తలుపు కొట్టుకోకుండా ఆనించే బరువును. కొన్నాళ్లు టీ గ్లాసుల స్టాండును. ఎవరో నా చీలికలో గుట్కా పొట్లం కుక్కారు. వేసేదేదైనా మడత పెట్టి వేయాలన్న అలవాటు ఆయనకు ఇంకా పోలేదు.

2025 డిసెంబర్‌లో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. లారీ వచ్చిన పొద్దున నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక్కో పెట్టె మూత వేసి తీసి చూశారు. నా దగ్గరికొచ్చి, "ఇది పడ్తలేదు సార్" అని కాలితో పక్కకు జరిపారు. మావాళ్లు వెళ్లిపోయారు. దాదాపు అదే రోజుల్లో పీర్జాదిగూడ, బోడుప్పల్‌తో సహా చుట్టుపక్కల 27 పట్టణాలను మహానగరంలో కలిపేశారు. నేను ఓట్లు మోసిన పీర్జాదిగూడ కార్పొరేషన్ ఇప్పుడు కాగితాల్లో లేదు. దాని తొలి ఎన్నికలు నాకు గుర్తున్నాయని ఎవరితో చెప్పుకోను?

నిన్న తుక్కు కొనేవాడొచ్చాడు. పాతికేళ్ల కుర్రాడు, ఇక్కడి మనిషేనట. విరిగిన కుర్చీలు, తుప్పు బీరువా, మాలాంటి ఏడెనిమిది పెట్టెలు కిలోల లెక్కన మాట్లాడుకున్నారు. కాటా మీద పెట్టేముందు నా చీలికలో వేలు పెట్టి చూశాడు.

"లోపటేమన్న ఉన్నదా అన్నా?"

అటెండర్ నన్ను ఎత్తి తలకిందులు చేసి, అడుగున అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు. గుట్కా పొట్లం రాలిపడింది.

"ఏముంటది తమ్మీ," అన్నాడు. "ఖాళీ."