ఇంక నైదు వేలు: ఛార్జీవనీ వ్యాఖ్యా సహితం

అవతారిక

పోర్ట్ బ్లెయిర్ అబర్దీన్ బజారులో సెల్‌ఫోన్ల దుకాణం మెట్టెక్కిన ప్రతివారి చెవినీ పడే పద్యమిది. కర్త ఎవరో నిర్ధారణ కాలేదు. దుకాణదారులు ఎవరికి వారే తమదంటారు. 2024 సెప్టెంబరులో ఊరి పేరు శ్రీ విజయపురంగా మారింది గాని పద్యంలో అక్షరం మారలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి పదముగ్గురికి తెలుగు తల్లిభాష. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి జంగ్లీఘాట్ వంటి చోట్ల స్థిరపడిన కుటుంబాలెన్నో. కనుక ఈ పద్యానికి శ్రోతల కొరత లేదు.

సందర్భం: "పదివేల లోపు ఏదైనా చూపించన్నా" అని కస్టమరు అడిగాడు. దుకాణదారు పదివేలది బయటికి తీయలేదు. దానికి పై అరలో ఉన్నదాన్ని తీసి, ఇలా అన్నాడు.

మూలానికి ఆధారం లేనిదీ, అవసరం లేనిదీ రాయనని కోలాచల మల్లినాథసూరి ప్రతిన పట్టి కాళిదాసుకు సంజీవని రాశాడు. ఫోను పెట్టెల మీద రాసేవారికి అలాంటి ప్రతిన లేదు కనుక మా వ్యాఖ్య అవసరమైంది. దీనికి ఛార్జీవని అని పేరు.

మూలం

ఇంక నైదు వేలు హెచ్చించి కొనుమయ్య
మంచి ఫోను వచ్చు మాట వినుము
ఉప్పు గాలి వాన లోర్చును గట్టిగా
అంగడన్న మాట యమృత మూట

ప్రతిపదార్థం

ఇంకన్ = అనుకున్నది కాక; ఐదు వేలు = అయిదు వేల రూపాయలు; హెచ్చించి = జేబు నుంచి గాని ఈఎంఐ నుంచి గాని పెంచి; కొనుము = కొనవలసింది; అయ్య = ఓ కస్టమరూ; మంచి ఫోను = మిడ్‌రేంజ్ ఫోను; వచ్చు = లభించును; మాట వినుము = పక్క దుకాణానికి పోకుము; ఉప్పు గాలి వానలు = సముద్రపు గాలిని, ఇక్కడి వానలను; ఓర్చును = తట్టుకొనును; గట్టిగా = వారంటీ కార్డులో రాయకుండా, నోటితో మాత్రమే; అంగడన్న మాట = దుకాణదారు పలుకు; అమృత మూట = అమృతపు మూట. అమృతాన్ని మూట కడితే ఇంటికి చేరేసరికి ఏమి మిగులుతుందో పాఠకులే ఊహించగలరు.

వ్యాఖ్య

"ఇంక నైదు వేలు" అనే సంఖ్య ఉపలక్షణం. పదివేలతో వచ్చినవాడికి పదిహేనుది, పదిహేనుతో వచ్చినవాడికి ఇరవైది మంచి ఫోను. ఇరవైకి ఒప్పుకున్నాక కూడా ఇదే పద్యం మళ్లీ మొదటి పాదం నుంచి మొదలవుతుంది. దీన్ని తర్కశాస్త్రంలో అనవస్థా దోషమంటారు, దుకాణంలో అప్‌గ్రేడ్ అంటారు. ఎక్కడో ఒకచోట గీత గీయాలి కనుక, పది పన్నెండు వేల దాకా బడ్జెట్ అనీ, పదిహేను నుంచి ముప్పై వేల దాకా మిడ్‌రేంజ్ అనీ సంప్రదాయం.

ఈ ఐదు వేలూ ఫోనులోకే వెళతాయని భ్రమపడరాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి సెల్‌ఫోన్ల మీద జీఎస్టీ 18 శాతం. ఆ లెక్కన పెంచిన ఐదు వేలలో దాదాపు రూ. 763 పన్ను. ఇది కేంద్రపాలిత ప్రాంతం గనుక అందులో సగం కేంద్ర జీఎస్టీ, సగం యూటీ జీఎస్టీ. "వడ్డీ లేని ఈఎంఐ ఉంది కదా" అంటే, సున్నా వడ్డీ అనేది అసలు లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. వడ్డీ ఉంటుంది, ధరలోనో, వదులుకున్న డిస్కౌంటులోనో, ప్రాసెసింగ్ ఫీజులోనో దాక్కుంటుంది.

"మంచి ఫోను" అన్నచోట మంచితనానికి ప్రమాణమేమిటి? పెట్టె మీద రాసినదే ప్రమాణమంటే పరీక్షిద్దాం. "8+8 = 16 జీబీ ర్యామ్" అన్నచోట మొదటి ఎనిమిది వాస్తవం, రెండోది ఉత్ప్రేక్ష. స్టోరేజీలో కొంత భాగాన్ని ర్యామ్‌గా ఊహించుకోవడమే దాని అర్థం. "50 మెగాపిక్సెల్" కెమెరా మామూలుగా నాలుగేసి పిక్సెళ్లను ఒకటిగా సంధి చేసి పన్నెండున్నర మెగాపిక్సెళ్ల ఫొటో ఇస్తుంది. పక్కనే ఉండే 2 మెగాపిక్సెళ్ల కన్ను కేవలం పాదపూరణం. తీసేసినా అర్థం చెడదు. "33 వాట్ల ఛార్జింగ్" అని రాసి పెట్టెలో ఛార్జరు ఇవ్వకపోతే దాన్ని కొనేవాడే అధ్యాహారం చేసుకోవాలి.

మరి బడ్జెట్‌కూ మిడ్‌రేంజ్‌కూ నిజమైన తేడా ఎక్కడ? పెట్టె మీద పెద్ద అక్షరాల్లో రాయనిచోట. చౌక ఫోన్లలో చాలావాటికి ఈఎంఎంసీ రకం స్టోరేజీ ఉంటుంది. అది ఒక సమయంలో చదవడమో రాయడమో ఒక్కటే చేస్తుంది. మిడ్‌రేంజ్‌లో ఉండే యూఎఫ్ఎస్ రెండూ ఒకేసారి చేస్తుంది. కొన్న నెలలో ఈ తేడా తెలియదు. వాట్సాప్ గ్రూపుల సుప్రభాతాలతో స్టోరేజీ నిండిపోయిన రెండో ఏట తెలుస్తుంది. ఆండ్రాయిడ్ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారన్నది రెండో తేడా. అద్దాల అరలో ఈ రెండూ కంటికి ఆనవు కనుకనే పద్యంలో వీటి ప్రస్తావన లేదు.

"వచ్చు" అన్నది శ్లేష. ఫోను వచ్చును, సిగ్నల్ వచ్చును అని రెండర్థాలు.

మొదటి అర్థం: ఇక్కడికి ఏ వస్తువు రావాలన్నా వెయ్యి కిలోమీటర్లు దాటిన సముద్రం మీదుగా చెన్నై, విశాఖ, కోల్‌కతాల నుంచి రావాలి. ఫోను విమానంలో రాగలదు. దాని విడి బ్యాటరీ సంగతి వేరు. ప్రయాణికుల విమానాల సరుకులో విడి లిథియం అయాన్ బ్యాటరీలు ఎక్కించకూడదని 2016 ఏప్రిల్ 1 నుంచి అంతర్జాతీయ నియమం. ఫోనులో అమర్చి ఉన్నదానికి ఆ అడ్డు లేదు. కాబట్టి బ్యాటరీ ఉబ్బిన ఫోనుకు కొత్తది చాలావరకు ఓడ దారి పట్టే రావాలి. మెయిన్‌ల్యాండ్‌లో ఒక పూట రిపేరు, దీవిలో వారాల విరహం.

రెండో అర్థం: 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన దాదాపు 2,300 కిలోమీటర్ల కేబుల్ ప్రారంభమైంది. అంతకు ముందు ఇంటర్నెట్‌కు ఉపగ్రహమే ప్రధానమైన దిక్కు. పోర్ట్ బ్లెయిర్‌తో పాటు స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్‌లకు ఆ కేబుల్ చేరింది. అయితే కేబుల్ ఒడ్డుదాకానే తెస్తుంది. ఒడ్డు నుంచి చేతిలోకి తెచ్చేది టవరు. 700 మెగాహెర్ట్జ్ వంటి తక్కువ పౌనఃపున్యపు తరంగాలు ఎక్కువ దూరం పోతాయి, గోడలనూ చెట్లనూ మెరుగ్గా దాటుతాయి. మీ దీవిలో మీ సిమ్ కంపెనీ వాడే బ్యాండు ఫోనులో లేకపోతే, ముప్పై వేలదైనా అది మంచి అద్దమే. ఇక్కడ 5జీ అనే అక్షరాల కంటే బ్యాండ్ల జాబితా బలీయం.

"ఉప్పు గాలి వాన లోర్చును" అన్నది అతిశయోక్తి. పోర్ట్ బ్లెయిర్‌లో ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది, విశాఖకు సుమారు మూడింతలు. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ తడుపుతాయి. ఐపీ 54 అంటే చినుకులకు ఓర్చునని మాత్రమే. ఐపీ 67 అంటే మీటరు లోతున అరగంట. అయితే ఆ పరీక్ష జరిగేది మంచినీటిలో. సముద్రపు నీరు ఆ ప్రమాణంలో లేదు. ఉప్పు ఛార్జింగ్ రంధ్రంలోని లోహాన్ని తింటుంది, కాలం లోపలి జిగురును తింటుంది. తడిసి పాడైతే మామూలు వారంటీ వర్తించదు. కనుక "ఓర్చును" అనే క్రియకు కర్త ఫోను కాదు, కొన్నవాడని అన్వయించుకోవాలి.

పాఠాంతరాలు

బజారులో ముందు హిందీ నడుస్తుంది కనుక "ఔర్ పాంచ్ హజార్ డాలో భాయ్" అనే పాఠమే అధిక ప్రచారంలో ఉంది. కస్టమరుది టెక్కలి వైపని తెలిశాక "ఇంకో అయిదేలెయ్యి బావా, మంచిదొచ్చేస్తాది" అనే పాఠం వినిపిస్తుంది. రెండో పాఠంలో చుట్టరికం కలిసింది గాని ధర తగ్గలేదు.

ఛందస్సు

ఆటవెలది. మొదటి పాదంలో యతి "హెచ్చించి" మీద పడింది. విశ్రమించవలసిన చోట ధర పెంచడం కవి చమత్కారం.

పూర్వపక్షం, సిద్ధాంతం

"ఉప్పుకు ఏదైనా పాడయ్యేదే, కాబట్టి అందరూ చౌకదే కొనాలి" అని ఒక వాదం. జంగ్లీఘాట్ నుంచి వేటకు పోయేవాడికి ఇది సబబే. తీరం దాటి కొంత దూరం పోయాక బడ్జెట్‌కూ మిడ్‌రేంజ్‌కూ సిగ్నల్ సమానంగా సున్నా. కనుక తెలుసుకోవలసినది ఒడ్డునే తెలుసుకోవాలి. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత, 2007లో హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పడింది. చేపలు దొరికే చోట్ల సూచనలూ ఆ సంస్థే ఇస్తుంది. బయలుదేరేముందు వాటిని చూసుకోవడానికి తొమ్మిది వేల ఫోను చాలు. మిగిలిన డబ్బులో కాస్త పెట్టి మెడలో వేసుకునే నీటి పౌచ్ కొంటే, ఐపీ అంకెల కంటే అదే మేలు.

కాని రంగత్‌లోనో కార్ నికోబార్‌లోనో నాలుగేళ్లు చదువంతా ఫోను మీద సాగించే విద్యార్థికి ఆ వాదం చెల్లదు. రెండో ఏట నెమ్మదించి, మూడో ఏట అప్‌డేట్లు ఆగి, రిపేరుకు ఓడెక్కే చౌక ఫోను ఆఖరికి రెండు ఫోన్ల ఖరీదవుతుంది. అక్కడ ఐదు వేలు ఎక్కువ పెట్టడం దుబారా కాదు. ఇదే సిద్ధాంతం.

తాత్పర్యం

దీవిలో ఫోను అసలు ధర తెలిసేది కొన్న రోజున కాదు, పాడైన రోజున. అందుచేత పెంచే ఐదు వేలూ ఆ రోజును వెనక్కి జరిపే వాటికే పెట్టాలి. తెర తళుకుకూ కెమెరా కళ్ల లెక్కకూ కాదు. డబ్బు తీసేముందు అంగడన్నను మూడు ప్రశ్నలడగాలి: మా దీవిలో నా సిమ్‌కు పనిచేసే బ్యాండ్లు ఇందులో ఉన్నాయా? స్టోరేజీ ఏ రకం, అప్‌డేట్లు ఎన్నేళ్లు? తెరో బ్యాటరీయో పోతే ఇక్కడే వేస్తారా, అవతలికి పంపుతారా? మూడింటికీ జవాబు చెప్పి బిల్లు వెనక రాసిచ్చినవాడికి ఐదు వేలు ఇవ్వవచ్చు. చెప్పలేనివాడు ఐదు వందలు తగ్గించినా తీసుకోకండి.