సౌండ్ ఎవరిది?

పెగడపల్లి బరాతుల్లో కొత్త పంచాయితీ మొదలైంది: డబ్‌స్టెప్ దంచుతున్న కుర్ర డీజేది సొంత సౌండా, ఎత్తిపోతల పథకమా?

పాట జానపదం. దరువు డప్పుది. గుండెలదిరే ఆ బేస్, 2000 ప్రాంతంలో దక్షిణ లండన్‌లోని క్రోయిడన్ కుర్రాళ్లు మొదలుపెట్టింది. మరి ఇతగాడిదేముంది? ఎందుకు లేదూ! అరనిమిషానికోసారి పాటకు అడ్డంపడి ‘డీజే ఫలానా మిక్స్’ అని అరిచే పేరుంది కదా, అది అచ్చంగా సొంతం.

అభిమానులకూ సాకులున్నాయి. 1969లో అమెరికాలో విన్‌స్టన్స్ బృందం వాయించిన దాదాపు ఏడు సెకన్ల డ్రమ్స్ ముక్క వేల పాటల్లోకి దూరింది. కొట్టిన గ్రెగరీ కోల్‌మన్‌కు మాత్రం రాయల్టీగా పైసా ముట్టలేదు. మనదగ్గరా 2021లో ‘సారంగ దరియా’ పాట ఎవరిదన్న గొడవ టీవీలకెక్కింది. కట్టిన తొలి గొంతు ఎవరిదో ఎవరూ చెప్పలేదు. పెద్దోళ్లు చేస్తే ప్రేరణ, మనోడు చేస్తే కాపీనా అని వాళ్ల నిలదీత.

తీర్పు కావాలంటే రాత్రి పది దాటేదాకా ఆగండి. అప్పటిదాకా ‘ఈ సౌండ్ నాదే’ అని రొమ్ము విరిచినోడు, పోలీసు జీపు కనబడగానే ‘నాది కాదు సార్’ అంటాడు.

ఆ రాత్రంతా అతను చెప్పిన నిజం అదొక్కటే!