సీలు కవర్ల ఆంటీ

డాలస్ పక్కన ఇర్వింగ్‌లోనో ఫ్రిస్కోలోనో తెలుగువాళ్లున్న ఏ కాలనీలోనైనా "పిల్లల్ని చూసుకునే ఆంటీ ఎవరండీ?" అని అడగండి. పేరు ఎవరూ చెప్పరు, ఇల్లు చూపిస్తారు. గుమ్మంలో జానెడైనా లేని చెప్పులు వరసగా ఉంటాయి. వంటింట్లో ఫ్రిజ్ మీద లావుపాటి బైండరు ఉంటుంది. దాన్ని దేవుడి గదిలో పెట్టకపోవడానికి ఒకటే కారణం, అక్కడ జాగా లేదు.

అది 'ఫుడ్ ప్రోగ్రాం' బైండరు. డేకేర్ పిల్లల తిండికి అమెరికా వ్యవసాయ శాఖ డబ్బిచ్చే పథకమిది, 1968 నుంచీ ఏదో ఒక రూపంలో నడుస్తోంది. ఇంట్లో పిల్లల్ని చూసుకునేవాళ్లకి నేరుగా ఇవ్వరు, మధ్యలో స్పాన్సరు సంస్థ ఉండాలి. బీదపేటలో ఉన్నా, నడిపే మనిషి ఆదాయమే తక్కువైనా ఎక్కువ రేటు కట్టిస్తారు. ఆంటీ వీధిలో ప్రతి గరాజులోనూ రెండేసి కార్లు. అందుకని ఆవిడది తక్కువ రేటు. అయితే ఏ పిల్లవాడి ఇంటి ఆదాయం హద్దు దాటదో వాడికి మాత్రం ఎక్కువ రేటే. నలుగురున్న ఇంటికి 2025 జూలైతో మొదలైన ఏడాదికి ఆ హద్దు 59,478 డాలర్లు. అది తేలాలంటే ఇంటింటికీ ఓ ఫారం వెళ్లాలి.

ఫారం చూడగానే సాఫ్ట్‌వేర్ నాన్నలకి పౌరుషం వస్తుంది. "మనకెందుకాంటీ ఇలాంటివి?"

"నిన్ను బీదవాడివని ఎవరన్నారు నాయనా? ఇష్టం లేకపోతే ఆదాయం కాగితం మానెయ్. నమోదు కాగితం మీద మాత్రం సంతకం పెట్టు, పాపకి ఆకలి మామూలుగానే వేస్తుంది."

ఒకరికి గ్రీన్ కార్డుకి అడ్డొస్తుందేమోనని భయం. ఇంకొకావిడకి ధర్మసందేహం: "మా అత్తయ్యగారు ఆర్నెల్లకని వచ్చారు, ఆవిడ పింఛను కూడా రాయాలా?" ఆంటీ వెంటనే స్పాన్సరుకి ఫోను చేస్తుంది. తెలుగింట్లో అత్తగారు కుటుంబంలో మనిషా, చుట్టపుచూపా అన్నది ఆ ఆఫీసులో అమ్మాయి ఒక్క ఫోనులో తేల్చగలిగేది కాదు.

ఎవరి ఉద్యోగమైనా పోయిందని తెలిస్తే ఆంటీ ఆ ఇంటివాళ్లని పక్కకి పిలిచి చెప్పదు. అందరి పిల్లల సంచుల్లోనూ ఫారాలు మళ్లీ పెడుతుంది. "ఏడాది మధ్యలోనైనా ఇవ్వొచ్చట" అని గోడకి చెప్పినట్టు చెబుతుంది. ఇంత పెద్దమనసున్న మనిషిని కుతూహలం మాత్రం కుదురుగా కూర్చోనివ్వదు. ఎవరి హెచ్‌వన్ వీసా ఎప్పుడు అయిపోతుందో, ఎవరి ఆడపడుచు పెళ్లి ఎందుకు చెడిందో అన్నీ ఆవిడకి తెలుసు. తెలియనివల్లా జీతాలే. పథకం నియమమేమో, తల్లిదండ్రులు ఒప్పుకుంటే ఫారాలు తీసుకుని స్పాన్సరుకి పంపొచ్చుగానీ లోపల చూడకూడదంటుంది. అది రాసినాయనెవరోగానీ తెలుగు ఆంటీలని బాగా ఎరిగినవాడు. అతికించిన కవర్లు వారం రోజులు బైండరు జేబులో ఉంటాయి. ఆవిడ వాటిని బరువు చూస్తుంది, వెలుతురుకి పెడుతుంది, నిట్టూర్చి పోస్టు చేస్తుంది. నియమం తప్పిన పాపం మాత్రం కట్టుకోలేదు.

భోజనాల పట్టిక దగ్గర బాధ వేరు. ఏకాదశికి ఉల్లిపాయ కూడా ముట్టని ఆ ఇంట్లో ముద్దపప్పు రోజూ 'మాంసం లేదా దానికి బదులు' అనే గడిలో పడుతుంది. కూరగాయల గడిలో వేసినా ఒప్పుకుంటారు, కానీ ఒకే పూట రెండు గడుల్లోనూ వెయ్యకూడదు. మొదట్లో "రామరామ" అనుకుంటూ రాసేది. ఇప్పుడు "ఇవాళ మాంసం చాల్లేదు, ఇంకో గ్లాసు కందిపప్పు పొయ్యి" అని మొగుడి మీద కేకేస్తుంది. ఇంట్లో తోడుపెట్టిన పెరుగు లెక్కలోకి రాదు, కొట్లో కొన్నదైతేనే వస్తుంది. ఈ అవమానాన్ని ఆవిడ ఇంకా దిగమింగుకోలేదు. పిల్లలకి డబ్బా పెరుగు వడ్డించి, తన గిన్నెలో గడ్డపెరుగు వేసుకుని, తనిఖీకి వచ్చినావిడ ఎదురుగా కూర్చుని తింటుంది.

తనిఖీ ఏడాదికి కనీసం మూడుసార్లు, అందులో రెండు చెప్పాపెట్టకుండా. అందుకే ఎవరి పుట్టినరోజూ ఆవిడ మరచిపోదు. 2025లో నియమం ఇది: రెండేళ్లు నిండిన పిల్లాడికి వెన్న తియ్యని పాలు మానిపించి ఒక శాతం పాలకో, వెన్న పూర్తిగా తీసిన పాలకో మార్చాలి. వాళ్లమ్మ కేకు కోయిస్తుంటే ఆంటీ ఫ్రిజ్ దగ్గర గ్లాసు మీద చీటీ మారుస్తుంటుంది.

స్పాన్సరు చివరికి చెప్పేది ఒక్క అంకె: మీ దగ్గర ఎక్కువ రేటు పిల్లలు ఇద్దరు. పేర్లు చెప్పరు. ఆంటీకి ఆ నెలంతా నిద్ర పట్టదు.

"టెస్లా కొన్నవాళ్లేనమ్మా" అంది మొన్న, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ. "వాళ్ల కవరు నేను చూశానుగా. జిగురు చాలక పైన టేపు కూడా వేశారు."